తోక మొదట్లో వెంట్రుకలు పోతున్న పిల్లి: కారణాన్ని ఎక్కడి నుంచి వెతకాలి?

ప్రశ్న: జున్ను ఇంటివారు, అనంతపురం

మా ఇంట్లో జున్ను అనే ఆడపిల్లి ఉంది. దానికి నాలుగేళ్ళు, ఏడాది నిండకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. వినాయక చవితి వెళ్ళిన పది రోజులకు అది తోక మొదట్లోనూ, వెనక తొడల లోపలి వైపునా అదే పనిగా నాక్కోవడం, మధ్యమధ్య పళ్ళతో కొరుక్కోవడం మొదలుపెట్టింది. దీపావళి నాటికి పొట్ట కింద అరచేయంత మేర వెంట్రుకలు పోయి గులాబి రంగు చర్మం బయటపడింది. నడుము మీద వెంట్రుకలకు ఎదురు దిక్కుగా చేత్తో నిమిరితే, కొర్రగింజలు చల్లినట్టు చిన్న చిన్న పక్కులు వేళ్ళకు తగులుతున్నాయి. ముఖం, చెవులు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. తిండి తగ్గలేదు, ఆట తగ్గలేదు. కానీ రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి చూసినా అది నాక్కుంటూనే ఉంటుంది. గరుకైన ఆ నాలుక చప్పుడు మంచం మీదికి వినిపిస్తుంటే నాకు మళ్ళీ నిద్ర పట్టదు.

ఇప్పటికి ఇద్దరు డాక్టర్లకు చూపించాము. మొదటివారు వేలితో తడిమి చూసి, అలర్జీ అని చెప్పి ఒక సూది వేశారు. మరునాటికే నాకడం ఆగింది. మూడు వారాలు నిశ్చింతగా గడిచాక నాలుగో వారంలో మళ్ళీ మొదటికి వచ్చింది. రెండోవారు తామర అని చెప్పి పూత మందు రాశారు. పూసిన అయిదు నిమిషాలకే జున్ను దాన్నంతా నాకేస్తోంది. మా మరిది కుటుంబం ఆగస్టులో బెంగళూరుకు మారింది. జున్ను వాళ్ళ పాప పక్కనే పడుకునేది కాబట్టి ఆ బెంగతోనే ఇలా చేస్తోందని తెలిసినవారొకరు అన్నారు. ఒంట్లో వేడి ఎక్కువై ఇలా అయిందని మా అత్తగారి నమ్మకం. వేపనూనెలో కర్పూరం కలిపి రాస్తే తగ్గుతుందని ఆమె అంటున్నారు, నేను ఇంకా రాయలేదు.

వివరాలన్నీ చెప్పడం మంచిదని ఇంటి సంగతి కూడా రాస్తున్నాను. ఇల్లు పాతది, నేల కడప బండలది. బండకూ బండకూ మధ్య సున్నం రాలిపోయి సందులు పడ్డాయి. పడసాల చివర, స్నానాల గదికి వెళ్ళే దారిలో, శెనక్కాయల కోతలకని మడిచి పెట్టిన ఖాళీ గోనెసంచుల దొంతర ఉంది. పగలంతా జున్ను పడక అక్కడే. వీధికుక్కలు రెండు మా అరుగు మీద పడుకుంటాయి. జున్ను ఒంటి మీద పురుగు అన్నది మా కంటికి ఒక్కటీ కనబడలేదు. ఉదయం గుడ్డు కలిపిన పెరుగన్నం, సాయంత్రం ఉడికించిన కోడిమాంసం, మధ్యలో కొంచెం ప్యాకెట్ తిండి పెడతాము. ఇంట్లో మనుషులెవరికీ దురదలు లేవు.

నేను మందు పేరు అడగడం లేదు. నలుగురు నాలుగు కారణాలు చెప్పినప్పుడు, అసలు కారణం ఏదో తేల్చుకోవడానికి ఏ పరీక్ష ముందు, ఏది తరువాత చేయించాలి, వాటిలో ఇంట్లోనే చూసుకోగలిగినవి ఏవి అన్నది తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, ప్రొద్దుటూరు

అమ్మా, మీరు రాసిన తీరులోనే సగం సమాధానం ఉంది. పిల్లి చర్మం విషయంలో మా మొదటి ప్రశ్న వెంట్రుకలు ఎందుకు పోతున్నాయన్నది కాదు, వాటంతట అవే రాలుతున్నాయా, లేక పిల్లే నాకి తెంపేస్తోందా అన్నది. దీనికి ఆసుపత్రి కూడా అక్కర్లేదు. బోడి అయిన చోటు అంచున నాలుగైదు వెంట్రుకలు పీకి, తెల్ల కాగితం మీద పెట్టి, భూతద్దంతో కొనలు చూడండి. కొన సన్నగా సూదిమొనలా ఉంటే ఆ వెంట్రుక సహజంగా రాలుతోందని అర్థం. కత్తిరించినట్టు మొండిగా, చీలికలుగా ఉంటే నాలుక, పళ్ళు ఆ పని చేశాయని అర్థం. ఇది తేలకుండా ఎంత మంది ఎన్ని మందులు వాడినా అది చీకట్లో తడుములాటే.

రెండోది, చోటు. ఒక్కొక్క జబ్బుకు పిల్లి ఒంటి మీద ఒక్కొక్క ఇష్టమైన చోటు ఉంటుంది. పిల్లి గజ్జిని కలిగించే సూక్ష్మమైన పురుగు చెవి అంచుల దగ్గర మొదలై ముఖం, మెడ మీదికి పాకుతుంది; అక్కడ బూడిద రంగు పక్కులు దట్టంగా కడతాయి. చెవి లోపల కాఫీపొడి వంటి నల్లటి గులిమి కనిపిస్తే అది చెవిపురుగు. తామర తరచుగా గుండ్రటి మచ్చలుగా ముఖం మీద, చెవుల మీద, ముందరి కాళ్ళ మీద కనిపిస్తుంది, అయితే అది పిల్లుల్లో ఏ రూపంలోనైనా రావచ్చు కనుక చూపుతోనే కాదని గానీ అవునని గానీ చెప్పకూడదు. దోమకాటు పడని పిల్లికి ముక్కు దూలం మీద, చెవి డొప్పల మీద పుండ్లు లేస్తాయి. మీరు చెప్పినట్టు ముఖం శుభ్రంగా ఉండి తోక మొదలు, తొడల లోపలి భాగం, పొట్ట దెబ్బతిన్నప్పుడు నా అనుమానం ముందుగా వెళ్ళేది ఫ్లీ పురుగు మీదికే. మన పాత పుస్తకాల్లో దీన్ని మిన్నల్లి అని రాశారు. గోమారిలా ఇది ఒకేచోట అతుక్కుని ఉండదు; పక్క నుంచి నొక్కినట్టు పల్చగా, ముదురు గోధుమ రంగులో ఉండి, వేలు పెట్టేలోగా ఎగిరిపోతుంది.

కొర్రగింజల్లా తగులుతున్నాయని రాశారు చూడండి, వైద్యంలో కూడా ఆ చర్మ లక్షణానికి చిరుధాన్యం పేరే పెట్టారు. కాకపోతే అది జబ్బు పేరు కాదు, జబ్బు చర్మం మీద చూపే ఒక ముఖం మాత్రమే. ఫ్లీ కాటుకు, తిండి పడకపోవడానికి, కొన్నిసార్లు తామరకు కూడా చర్మం ఆ ఒక్క తీరునే స్పందిస్తుంది.

మీకు పురుగు కనబడకపోవడంలో వింతేమీ లేదు. దాని లాలాజలం పడని పిల్లికి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి దురద పెడుతుంది. ఆ దురదకు నాకీ నాకీ పిల్లి ఆ పురుగులనే మింగేస్తుంది. అందువల్ల పురుగును కాక దాని రెట్టను వెతకాలి. పేల దువ్వెన తీసుకుని, నడుము నుంచి తోక మొదలు దాకా చర్మానికి ఆనించి దువ్వి, రాలినదంతా తెల్ల కాగితం మీద దులపండి. మిరియాల పొడి వంటి నల్లటి నలుసులు కనిపిస్తే వాటి మీద రెండు చుక్కల నీళ్ళు వేసి రెండు నిమిషాలు ఆగండి. మట్టి అయితే మట్టిరంగే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ ఇటుక ఎరుపు మరక దిగుతుంది, ఎందుకంటే అది జీర్ణమైన రక్తమే. ఆసనం చుట్టూ, పడుకునే చోట నువ్వుగింజల్లా ఎండిన తునకలు కనిపిస్తున్నాయేమో కూడా చూడండి. అవి బద్దెపురుగు తునకలు. ఫ్లీని మింగడం వల్లనే పిల్లికి ఆ రకం బద్దెపురుగు వస్తుంది కనుక అదీ ఒక సాక్ష్యమే.

ఇక గోనెసంచుల సంగతి. ఫ్లీ పెట్టే గుడ్లు పిల్లి ఒంటి మీద నిలవవు. ఒక్క ఆడపురుగు రోజుకు 40, 50 గుడ్లు పెడుతుంది, అవి పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ రాలుతాయి. వాటి నుంచి వచ్చే పిల్లపురుగులకు వెలుతురు గిట్టదు, సందుల్లోకి దిగి, పైనుంచి రాలే రెట్టను తిని పెరుగుతాయి. తరువాత గూడు కట్టుకుని, అందులో నెలల తరబడి కదలకుండా ఉండి, నడిచే అదురుకు, ఒంటి వెచ్చదనానికి ఒక్కసారిగా బయటికి వస్తాయి. గాలిలో తేమ 50 శాతం కన్నా తగ్గినా, వేడి 35 డిగ్రీలు దాటి అలాగే నిలిచినా ఆ పిల్లపురుగులు బతకవు. అందుకే ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో మన సీమ ఇళ్ళలో వీటి బాధ తక్కువగా కనిపించి, ఉన్న నాలుగు చినుకులూ కురిసే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెరుగుతుంది. స్నానాల గది దారి, తేమ, చీకటి, కడప బండల సందులు, మీద గోనెపట్టా, దాని మీద వెచ్చగా పిల్లి: ఫ్లీకి ఇంతకన్నా అనువైన చోటు నేను కూడా చెప్పలేను.

ఇది నా అనుమానం, తీర్పు కాదు. దువ్వెన పరీక్ష చేసి, ఆ కాగితం మడిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, చర్మం మీద సెల్లోటేపు అంటించి మైక్రోస్కోపులో చూడమని, రెండు మూడు చోట్ల చర్మం గీకి పురుగుల కోసం వెతకమని అడగండి. మీ ఊళ్ళో కుదరకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అంతవరకు దురద ఆపే స్టెరాయిడ్ సూది మళ్ళీ వేయించకండి. అది చెడ్డ మందు కాదు, నేనూ వేలసార్లు వాడాను. కానీ కారణం తెలియకముందు వేస్తే అది ఏ జబ్బు దురదనైనా కొన్నాళ్ళు కప్పేస్తుంది, పరీక్షల్లో కనబడవలసినవి కనబడవు, తామర ఉంటే అది ఇంకా పాకుతుంది, పదేపదే వేస్తే పిల్లులకు మధుమేహం వచ్చే ప్రమాదం కూడా ఉంది.

జవాబు: తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

డాక్టరు గారు చెప్పిన వెంట్రుక కొన పరీక్ష నాకు మూడేళ్ళ క్రితం తెలిసి ఉంటే మా పిల్లి ఎనిమిది నెలల బాధ తప్పేది. మీకు ఎవరో బెంగ అని చెప్పారన్నారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

మా మగపిల్లి పొట్ట అంతా నున్నగా నాకేసింది. పక్కులు లేవు, ఎరుపు కూడా అంతగా లేదు. అప్పుడే మేము ఇల్లు మారాము, అందువల్ల ఒక డాక్టరు మనసు బాగోలేక చేస్తోందని తేల్చి నిద్ర మందు రాశారు. అది మూడు నెలలు మత్తుగా పడుకుంది, మెలకువ వచ్చినప్పుడల్లా నాక్కుంది. తరువాత వేరే ఊళ్ళో చూపించినప్పుడు ఆ డాక్టరమ్మ నాకు ఒక విషయం చెప్పారు. 2006లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మానసిక కారణంతో నాక్కుంటున్నాయని అనుకున్న 21 పిల్లులకు వరుసగా పరీక్షలన్నీ చేశారట. 16 పిల్లులకు శరీరంలోనే కారణం దొరికింది. కేవలం మనసుకు సంబంధించినదని తేలినవి రెండే. మిగిలిన మూడింటికి రెండు కారణాలూ ఉన్నాయి. బెంగ అన్నది అన్నీ చూశాక ఆఖరున మిగలవలసిన మాట, ముందుగా అనవలసిన మాట కాదని ఆమె అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా పిల్లి విషయంలో ఫ్లీ మందు మూడు నెలలు వాడినా మార్పు రాలేదు, చర్మం గీకిన పరీక్షలో ఏమీ లేదు. అప్పుడు తిండి పరీక్షకు వెళ్ళాము. అలర్జీ తిండి వల్లనా కాదా అని తేల్చే నమ్మదగిన రక్తపరీక్ష లేదు, పిల్లి అంతకుముందు ఎన్నడూ తినని మాంసం ఒక్కటే ఎనిమిది వారాలు పెట్టి చూడడమే దారి. మావాడు పుట్టిన దగ్గర నుంచి కోడి, చేప, పాలు తిన్నవాడు, మేకమాంసం ఎరగడు. అందువల్ల ఉడికించిన మేకమాంసం, దానితోపాటు లోపం రాకుండా డాక్టరమ్మ చెప్పిన పొడులు పెట్టాము. ఎముకల్లో ఉండే సున్నం, పిల్లికి తప్పనిసరి అయిన టారిన్ అనే పోషకం ఒట్టి మాంసంతో సరిపోవని, ఈ పొడులు మానకూడదని ఆమె గట్టిగా చెప్పారు. నాలుగో వారంలో తెలిసింది, మా నాన్నగారు తెల్లవారుజామున కాఫీ పెట్టుకుంటూ దానికి కూడా రెండు చెంచాల పాలు పోస్తున్నారని. ఆయన ప్రేమతో చేసిన పనే, కానీ లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండోసారి ఆరో వారానికి పొట్ట మీద నూగు కనిపించింది. ఎనిమిది వారాలు నిండాక, కారణం ఖాయం చేసుకోవడానికి రోజూ ఒక చిన్న కోడిమాంసం ముక్క పెట్టాము. నాలుగో రోజుకు నాకడం మొదలైంది. ఆపిన వారానికి మళ్ళీ తగ్గింది. ఆ ఆఖరి మెట్టు చేయకపోతే, తగ్గింది తిండి వల్లనా, కాలం మారడం వల్లనా అన్నది ఎప్పటికీ తెలిసేది కాదు.

మీరు మాత్రం రెండు పరీక్షలూ ఒకేసారి మొదలుపెట్టకండి. మందు, తిండి ఒకే రోజున మారిస్తే, తగ్గినా ఏది తగ్గించిందో తెలియదు.

జవాబు: ప్రయోగశాల ఉద్యోగి, కడప

తామర సంగతి ఒక్కటే రాస్తాను, అది నా పని కాబట్టి. తామరకు కారణం బూజు జాతికి చెందిన ఒక శిలీంధ్రం. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే దాన్ని మైక్రోస్పోరమ్ కానిస్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి మొదట వాడేది వుడ్స్ ల్యాంప్. 1903లో రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త తయారుచేసిన గాజు వడపోత నుంచి వచ్చిన దీపం ఇది. 1925 నుంచి దీన్ని తామరకు వాడుతున్నారు. చీకటి గదిలో దీని వెలుగు పడితే ఆ శిలీంధ్రం పట్టిన వెంట్రుక మొదలు లేత ఆకుపచ్చగా వెలుగుతుంది. పక్కు, పొట్టు, పూసిన మందు కూడా మెరుస్తాయి, వాటిని చూసి మోసపోకూడదు. వెంట్రుక కాడే వెలగాలి. పశువైద్యుల దగ్గర లేకపోయినా చాలామంది చర్మవ్యాధుల డాక్టర్ల దగ్గర ఈ దీపం ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక టార్చీలు చాలావరకు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగువి, వాటితో ఈ పని జరగదు, 365 ఉండాలి. వెలగనంత మాత్రాన తామర లేదని అనుకోవడానికీ వీల్లేదు.

ఖాయంగా తెలియాలంటే కల్చర్, అంటే నమూనాలోని శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్ష చేయించాలి. కొత్త టూత్‌బ్రష్షుతో ఒళ్ళంతా రెండు మూడు నిమిషాలు దువ్వి, ఆ బ్రష్షునే శుభ్రమైన కవరులో పెట్టి ప్రయోగశాలకు ఇస్తే చాలు. శిలీంధ్రం పెరగడానికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది, కాబట్టి ఓపిక పట్టాలి. ఇప్పుడు పూస్తున్న మందు ఆపి, కొన్ని రోజులు ఎడం ఇచ్చి, ఎప్పుడు ఆపారో చీటీ మీద రాసి నమూనా ఇవ్వండి. మందుల షాపుల్లో తామరకని చేతికిచ్చే పూతమందులు చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మనుషుల్లోనే తామర మొండికేయడానికి అవి ఒక ముఖ్య కారణమైతే, నాక్కునే పిల్లికి వాటిని అసలు పూయకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ ముంజేతులు, మెడ చూడండి. ఈ శిలీంధ్రం పిల్లి నుంచి మనుషులకు అంటుతుంది.

జవాబు: పాడి ఇల్లు, ధర్మవరం

ఇంట్లో పురుగులే కారణమైతే, గేదెలకు గోమార్లు పట్టినప్పుడు మేము నీళ్ళలో కలిపి కొట్టే మందు ఉంది, పాక అంతా కొడితే వారంలో శుభ్రమవుతుంది. అదే పల్చగా కలిపి పిల్లికి, నేలకు వాడవచ్చా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, ప్రొద్దుటూరు

నాయనా, అడిగి మంచి పని చేశారు. పిల్లికి వాడకూడదు, ఎంత పల్చగా కలిపినా వాడకూడదు. గేదెలకు కొట్టే మందుల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, కొన్నిటిలో అమిట్రాజ్ ఉంటాయి. కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పెర్‌మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయంలో ఇటువంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. కుక్కకు ఏమీ చేయని పెర్‌మెత్రిన్ మోతాదు పిల్లికి వణుకు, నురగ, మూర్ఛ తెప్పించి ప్రాణం తీస్తుంది. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో వెంటనే కడిగి, తడి తుడిచి, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

జున్ను అమ్మగారూ, మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, కర్పూరం పిల్లికి విషం. వేపనూనె మన ఒంటికి మేలు చేసేదే, కానీ పిల్లి ఒంటి మీద పూసిన ప్రతిదీ దాని కడుపులోకే పోతుంది. ఫినాయిలుతో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా ప్రమాదమే. కిరోసిన్ కూడా అంతే. బాధ తగ్గుతుందని పారాసిటమాల్ ముక్క వేసేవారిని కూడా చూశాను. పిల్లికి అది ఒక్క మాత్రతో ప్రాణాంతకం.

పిల్లుల కోసమే తయారై, దాని బరువుకు తగిన చుక్కల మందు ఏదో మీ డాక్టరు చెబుతారు. మెడ వెనక, నాలుక అందని చోట, వెంట్రుకలు విడదీసి చర్మానికి తగిలేలా వేయాలి. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్నిటికీ, నెలకొకసారి, కనీసం మూడు నెలలు వేయాలి. గూళ్ళలో ఉన్న పురుగులకు ఏ మందూ తగలదు, అవి విడతలు విడతలుగా బయటికి వస్తాయి కనుక ఒక్క నెలతో ఆపితే మొదటికి వస్తుంది. మొదటి మూడు నాలుగు వారాల్లో కొత్త పురుగులు కనిపించినా మందు పనిచేయడం లేదని అనుకోవద్దు.

జవాబు: జున్ను ఇంటివారు, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. ఏడు వారాల తరువాత రాస్తున్నాను, చేసింది చేసినట్టు చెబుతాను.

వెంట్రుకలు పీకి భూతద్దంతో చూశాము. తొమ్మిది వెంట్రుకల్లో ఎనిమిదింటి కొనలు మొండిగా ఉన్నాయి. ఆ రాత్రే మా అబ్బాయి లెక్కల నోటుపుస్తకంలో గీతలు లేని కాగితం చించి, పేల దువ్వెనతో తోక మొదలు దువ్వాము. ముందు తెల్లటి పొట్టు, తెగిన వెంట్రుకలు తప్ప ఏమీ రాలలేదు; నాలుగోసారి దువ్వినప్పుడు నల్లటి నలుసులు పది పదిహేను పడ్డాయి. నీటి చుక్క వేశాక రెండు నిమిషాలు మేమందరం ఆ కాగితం మీదికే వంగి ఉన్నాము. ఒక్కొక్క నలుసు చుట్టూ ఎర్రటి వలయం మెల్లగా విచ్చుకుంది. మా అత్తగారు చూసి, అయ్యో ఇది దీని నెత్తురే కదా అన్నారు, అప్పటి నుంచి వేపనూనె మాట ఆమె ఎత్తలేదు.

గోనెసంచులు తీసి మిద్దె మీద ఎండలో పరిచాము. వాటి కింద బండల సందులో తలపిన్నుతో గీకి తీసిన మన్నును కాగితం మీద పోసి చూస్తే, బియ్యపు నూక కన్నా సన్నగా, తెల్లగా, దారప్పోగుల్లా ఉన్న పిల్లపురుగులు మూడు వెలుతురు నుంచి పక్కకు మెలికలు తిరుగుతూ పోతున్నాయి. నాలుగేళ్ళుగా రోజూ చీపురుతో ఊడ్చిన నేల అది. సందులన్నీ గీకించి, పక్కింటివారి వాక్యూమ్ క్లీనర్ తెచ్చి పీల్చి, ఆ క్లీనర్‌లోని దుమ్ము సంచిని బయట కాల్చి, సందులను సిమెంటుతో పూయించాము. జున్ను పరుపుగుడ్డలు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతుకుతున్నాము. అరుగు మీది కుక్కలకు కూడా డాక్టరు వాటికి సరిపడే మాత్రలు ఇచ్చారు. చర్మం గీకిన పరీక్షలో ఏ పురుగూ కనబడలేదు. టూత్‌బ్రష్షు నమూనా మూడు వారాలు ఉంచినా ఏ శిలీంధ్రమూ పెరగలేదు, అందువల్ల పూతమందు అక్కర్లేదని తేలింది.

రెండు నెలల చుక్కలు పడ్డాయి. నడుము మీద పక్కులు లేవు; తోక మొదట్లో వెంట్రుకలు దాదాపు నిండాయి. రాత్రి నాలుక చప్పుడు చాలావరకు తగ్గింది. పొట్ట మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు మాత్రం అలాగే ఉంది, అక్కడ ఇంకా నాకుతోంది. దీన్ని తిండి పరీక్షకు సూచన అనుకోవాలా?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, ప్రొద్దుటూరు

ఇంత శ్రద్ధగా చేసిన ఇల్లు నా నలభై ఏళ్ళ పనిలో ఎక్కువ చూడలేదమ్మా. తిండి మార్చడానికి తొందరపడకండి, మూడో నెల చుక్కలు కూడా పడనివ్వండి. ఈలోగా ఒక్కటి చూడండి: పొట్ట మధ్యలో ఒకే చోట నాకే పిల్లికి కొన్నిసార్లు నొప్పి లోపల మూత్రాశయంలో ఉంటుంది. అది మాటిమాటికి మూత్రానికి వెళుతోందా, కూర్చుని చుక్కలుగా పోస్తోందా, ఎరుపు కనిపిస్తోందా గమనించి, మూత్రం పరీక్ష చేయించండి. ఆడపిల్లి కనుక ఒక్కసారిగా మూత్రం బంధించే భయం తక్కువ, అయినా ఆలస్యం మంచిది కాదు. మూత్రం శుభ్రంగా ఉండి, మూడో నెల దాటినా ఆ చోటు మానకపోతే, అప్పుడు కర్నూలువారు చెప్పినట్టు మేకమాంసం.

జవాబు: జున్ను ఇంటివారు, అనంతపురం

మూత్రం పరీక్ష అయింది డాక్టర్ గారూ. రక్తం లేదు, స్ఫటికాలు లేవు. మూడో విడత చుక్కలు నిన్న వేశాము. పొట్ట మీది చోటును వారానికొకసారి అదే కిటికీ దగ్గర, రూపాయి బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీస్తున్నాను. ఈ వారం ఫోటోలో అంచు చుట్టూ నూగు కనిపిస్తోంది, బోడి భాగం బిళ్ళ కన్నా చిన్నదైంది. నెల నిండాక మళ్ళీ ఇక్కడే రాస్తాను.